గుమాస్తా గుండె: సెలవు చీటీలో రాయని జబ్బు

మొన్న సెప్టెంబరు 29న, ప్రపంచ హృదయ దినోత్సవం రోజున, మన సంఘం తరఫున గుడిమల్కాపూర్‌లో జరిగిన వైద్య శిబిరం సభ్యులకు గుర్తుండే ఉంటుంది. ఝాంసింగ్ గుడికి కాస్త అవతలగా ఫంక్షన్ హాలు. పెళ్ళిళ్ళు లేని రోజు కాబట్టి అద్దె తక్కువకే ఇచ్చారు. మొదటి బల్ల దగ్గర పేరు, పీపీఓ నంబరు. రెండో బల్ల దగ్గర బరువు, బీపీ. మూడో బల్ల దగ్గర వేలికి సూది. తెర వెనుక ఈసీజీ. అన్నీ అయ్యాక చివరి బల్ల దగ్గర ఒక చిన్న వయసు డాక్టరమ్మ కూర్చుని, కాగితాలన్నీ తిరగేసి, ప్రతివారినీ ఒకే ప్రశ్న అడిగింది.

"నిద్ర బాగా పడుతోందా అంకుల్? మనసుకు దిగులుగా ఏమైనా ఉంటోందా?"

లైనులో నవ్వులు. నా ముందున్న మిత్రుడు "డీఏ బకాయిలు ఇప్పియ్యమ్మా, నిద్ర దానంతట అదే వస్తది" అన్నారు. ఇంకా నవ్వారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ "బ్రహ్మాండంగా పడుతోందమ్మా" అని కాగితం తీసుకుని వచ్చేశాను.

అది అబద్ధం. నాకు తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తుంది. పూల మార్కెట్టుకు వచ్చే బండ్ల చప్పుడు వింటూ పడుకుని ఉంటాను. ఇంట్లోవాళ్ళు మార్కెట్టు వల్లనే అనుకుంటారు. మార్కెట్టు జాంబాగ్ నుంచి ఇక్కడికి వచ్చింది 2009లో. నా మెలకువ అంతకు ముందు నుంచీ ఉంది.

గుండె శిబిరంలో ఆ అమ్మాయి నిద్ర గురించి, దిగులు గురించి ఎందుకు అడిగిందా అని ఆ తరువాత ఆలోచించాను. మా మనవడి చేత కొన్ని వైద్య పత్రికల వ్యాసాలు తీయించుకుని చదివాను. 35 ఏళ్ళు ఎస్టాబ్లిష్‌మెంటు సీటులో కూర్చున్నవాడికి అర్థం కాని కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం కొత్త కాదు. ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సంపాదకులు అడిగారు. సంఘం చరిత్ర, పీఆర్సీల చరిత్ర రాయడానికి నాకంటే సమర్థులు ఉన్నారు. నేను మన ఉద్యోగి గుండె చరిత్ర రాస్తాను.

వెల్‌నెస్ అనే మాట మనలో చాలామందికి 2016 డిసెంబరులో ఖైరతాబాద్‌లో ఉద్యోగులకు, పెన్షనర్లకు, జర్నలిస్టులకు వెల్‌నెస్ సెంటర్ తెరిచినప్పుడే పరిచయమైంది. ఆ మాటకు మనం చెప్పుకున్న అర్థం బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, పొద్దున్నే టోకెను. మాత్రలు దొరకడం చిన్న విషయం కాదు, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కాని పనిచేసే చోటుకీ గుండెకీ ఉన్న సంబంధాన్ని వెదకడం చాలా ముందే మొదలైంది. మొదలైంది కూడా బస్సులో.

1953లో లండన్ నగర బస్సు సిబ్బంది మీద జెర్రీ మోరిస్ అనే వైద్యుడు ఒక పరిశోధన ప్రచురించాడు. మన నగరంలో డబుల్ డెక్కర్ బస్సులు తిరిగిన కాలం గుర్తున్నవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కుతాడు. ఒకే బస్సు, ఒకే పొగ, జీతాల్లోనూ పెద్ద తేడా లేదు. కాని గుండెపోట్లు డ్రైవర్లకే ఎక్కువ, అవి చిన్న వయసులో వచ్చేవీ, ప్రాణం తీసేవీ కూడా వారికే ఎక్కువ. తపాలా శాఖలో చూస్తే ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్ కంటే కుర్చీలో కూర్చున్న గుమాస్తాకు ఎక్కువ. అంటే గుమాస్తా గుండె వైద్య చరిత్రలోకి వచ్చింది కుర్చీ మీద కూర్చునే వచ్చింది.

ఇందులో నాకు నచ్చిన ముచ్చట మరొకటి ఉంది. మూడేళ్ళ తరువాత మోరిస్ బృందం బస్సు సిబ్బందికిచ్చే యూనిఫారం ప్యాంట్ల నడుం కొలతలు సేకరించింది. డ్రైవర్లు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే కండక్టర్ల కంటే లావుగా ఉన్నారని అందులో తేలింది. కూర్చోవడం ఒక్కటే కారణం కాదేమోనని తన లెక్కను తానే అనుమానించుకున్నాడన్న మాట. బట్టల స్టోర్సులో కొలతలు రాసిన గుమాస్తా ఎవరో గాని, ఆయన రాతకు లాన్సెట్ పత్రికలో చోటు దొరికింది.

తరువాత 1967లో అదే లండన్‌లో వైట్‌హాల్ అనే పేరుతో మరో పరిశోధన మొదలుపెట్టారు. వైట్‌హాల్ అంటే వారి సచివాలయం ఉన్న వీధి. అక్కడి మెట్ల వరస మనకు పరాయిది కాదు. పైన అధికారులు, వారి కింద ఎగ్జిక్యూటివ్‌లు, వారి కింద గుమాస్తాలు, అందరి కింద మెసెంజర్లు, అనగా మన అటెండర్లు. మన ఆఫీసుల నమూనాయే వారిది, నిజం చెప్పాలంటే వారి నమూనాయే మనది. ఆ రోజుల్లో అందరూ ఏమనుకునేవారు? గుండెపోటు పెద్ద ఆఫీసర్ల జబ్బు, బాధ్యతలు మోసేవారి జబ్బు అని. మన దగ్గరా అంతే. మా ఆఫీసులో ఒక అటెండరుకు గుండెనొప్పి వస్తే "వీనికెందుకు వస్తది, గ్యాసు అయి ఉంటది" అన్నవాళ్ళను నేను చూశాను.

1978లో ప్రచురించిన ఫలితం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. 17,530 మంది ఉద్యోగులను ఏడున్నర ఏళ్ళు గమనించారు. అట్టడుగు మెట్టున ఉన్నవారిలో గుండెజబ్బు మరణాలు పై మెట్టువారికంటే మూడు రెట్లకు పైగా ఉన్నాయి. మధ్యలో ఉన్న గుమాస్తాల అంకె కూడా మధ్యలోనే ఉంది. ఒక్కో మెట్టు దిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతూ పోయింది. కిందివాళ్ళు సిగరెట్లు ఎక్కువ తాగుతారు గదా అంటారు. ఆ లెక్కా తీశారు. సిగరెట్టు, రక్తపోటు, కొలెస్ట్రాల్ అన్నీ కలిపినా ఆ తేడాలో సగం కూడా వివరించలేకపోయాయి.

మిగిలినదేమిటి అన్నది వెదకడానికే 1985లో మైకేల్ మార్మట్ నాయకత్వంలో రెండో వైట్‌హాల్ పరిశోధన మొదలైంది. ఈసారి ఆడవారినీ కలుపుకుని 10,308 మంది. 1997లో వారు చెప్పిన జవాబు చదివినప్పుడు నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. తన పని మీద తనకు ఎంత చెల్లుబాటు ఉంది అన్నది గుండె మీద పడుతుందట. ఏ ఫైలు ముందు చూడాలి, ఎప్పుడు చూడాలి, ఎలా చేయాలి అన్నదాంట్లో మాట చెల్లనివాడికి గుండెజబ్బు ఎక్కువ. పని ఎక్కువైనందుకే కాదు, పని ఎక్కువై పెత్తనం ఏమీ లేనందుకు. పెద్ద అధికారికి పని ఎక్కువే గాని, ఆయన "రేపు చూద్దాం" అనగలడు. ఆ మాట మనం అనలేం, మనకు చెబుతారు.

పని ఒత్తిడి రక్తంలోకి ఎలా దిగుతుందో అమెరికాలో 1958లోనే ఒక దాఖలా దొరికింది. ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ అనే ఇద్దరు వైద్యులు 40 మంది అకౌంటెంట్ల రక్తాన్ని నెలల తరబడి పరీక్షించారు. అక్కడ పన్ను లెక్కల గడువు ఏప్రిల్ 15. గడువు దగ్గర పడుతుంటే కొలెస్ట్రాల్ పెరిగింది, రక్తం త్వరగా గడ్డకట్టసాగింది. గడువు దాటాక రెండూ తగ్గాయి. తిండిలో మార్పు పెద్దగా లేదు. ఇది చదివితే మార్చి 31 రాత్రి ట్రెజరీ వరండా కళ్ళ ముందు కనిపించని సభ్యుడు మనలో ఉండడు. బడ్జెట్ రిలీజ్ ఆర్డరు సాయంత్రం ఆరుకు వస్తుంది, బిల్లులు రాత్రి పన్నెండు లోపల పాసు కావాలి, టోకెన్లు అయిపోతాయి, ఎవరో సంతకం లేకుండా వెళ్ళిపోతారు. టీ మీద టీ, సిగరెట్టు మీద సిగరెట్టు. ఆ రాత్రి ఎవరైనా మన రక్తం తీసి చూసి ఉంటే ఏం కనిపించేదో.

ఇక్కడ ఒక విషయం రాయాలి. రాయకుండా ఈ వ్యాసం ముగించుకోవచ్చు గాని, అలాగైతే ఇంత రాయడం దేనికి?

మా సెక్షనులో నా పక్క సీటు ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. బిల్లుల సీటు ఆయనది. 1990 చివర్లో పాత అడ్వాన్సుల మీద ఆడిట్ పేరా ఒకటి పడింది. ఆ అడ్వాన్సుల కాలంలో ఆ సీటులో ఉన్నది ఆయన కాదు, కాని రిజిస్టరు దొరకలేదు కాబట్టి సంజాయిషీ ఆయననే అడిగారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఒకరోజు టిఫిన్ డబ్బా మూత తీయకుండానే పక్కకు జరిపి, "నిద్ర పడ్తలేదు తమ్మీ. కండ్లు మూస్తే అదే రిజిస్టరు కనబడ్తది" అన్నాడు. "ఏం కాదన్నా, పేరా డ్రాప్ అయితది" అన్నాను. అంతకంటే ఏమనాలో నాకు తెలియలేదు.

ఫిబ్రవరిలో పది రోజులు సెలవు పెట్టాడు. మెడికల్ సర్టిఫికెట్టులో నడుం నొప్పి అని ఉంది. సెలవు మంజూరు నోటు పెట్టింది నేనే. ఆయనకు నడుం నొప్పి లేదని నాకు తెలుసు. మార్చిలో పై నుంచి ఛార్జి మెమో ఇమ్మని రాశారు. డ్రాఫ్టు రాసింది కూడా నేనే, ఎస్టాబ్లిష్‌మెంటు సీటు నాది కాబట్టి. మెమో తీసుకున్నట్టు సంతకం పెట్టేటప్పుడు ఆయన నా ముఖం చూడలేదు. 1991 ఏప్రిల్ రెండో వారంలో ఒక తెల్లవారుజామున ఇంట్లోనే గుండెపోటుతో పోయాడు. 48 ఏళ్ళు. కొడుక్కి కారుణ్య నియామకం ఫైలు నేనే నడిపాను. ఆడిట్ పేరా రెండేళ్ళ తరువాత డ్రాప్ అయింది.

మెమో వల్లనే పోయాడని నేను అనను. ఆయన సిగరెట్లు బాగా తాగేవాడు, తండ్రికీ గుండెజబ్బే. ఒక మనిషి చావుకు ఒక్క కారణం రాయడం ఫారంలో గడి నింపడానికే పనికివస్తుంది. కాని నా సర్వీసులో నా చేతుల మీదుగా కొన్ని వందల మెడికల్ సర్టిఫికెట్లు పోయాయి. జ్వరం, కామెర్లు, నడుం నొప్పి, నీరసం. మనసు బాగాలేదని రాసినది ఒక్కటంటే ఒక్కటి లేదు. 1972 నాటి వైద్య సహాయ నియమాల కింద గుండె ఆపరేషన్ల బిల్లులు ఎన్నో పంపాం, దానికి సిగ్గుపడినవారు లేరు. ఎర్రగడ్డ పేరు మాత్రం ఎవరి కాగితంలోనూ ఉండేది కాదు. ఆఫీసులో ఎర్రగడ్డ అనేది వెక్కిరింపు మాట. మోరిస్‌కు ప్యాంట్ల రిజిస్టరు నిజం చెప్పింది. మా సెలవుల రిజిస్టరు చూసి చరిత్ర రాసేవాడు ఆ కాలంలో హైదరాబాదు ఉద్యోగులకు నడుం నొప్పి తప్ప మరో బాధ లేదని రాస్తాడు.

చెల్లుబాటు అనే మాట వచ్చింది కాబట్టి 1983 కూడా చెప్పుకోవాలి. ఆ ఏడాది ఫిబ్రవరి 8న రాష్ట్ర ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు తగ్గించింది. 55 దాటినవారంతా నెలాఖరుకు, అంటే 20 రోజుల్లో, ఇంటికి. ప్రభుత్వోద్యోగులే 18,000 మందికి పైగా. అప్పుడు నాకు 34. ఆ 20 రోజులూ మా ఆఫీసులో పెద్దవాళ్ళు ఎలా ఉన్నారో చూశాను. కూతురి పెళ్ళి పెట్టుకున్నవారు, ఇంటి అప్పు తీరనివారు, పింఛను కాగితాలు ఒక్కటీ సిద్ధం లేనివారు. తరువాత వయసు మళ్ళీ 58 అయింది. సుప్రీంకోర్టు 1985 జనవరిలో తగ్గించడం చెల్లుతుందనే తీర్పు చెప్పింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకిప్పుడు వద్దు, కొత్తవారికి ఉద్యోగాలు అన్న వాదన అప్పుడూ ఉంది. వైట్‌హాల్ వారు తరువాత ఒక శాఖను ప్రైవేటుకు ఇవ్వబోతున్నప్పుడు ఉద్యోగుల ఆరోగ్యం చూశారు. ఉద్యోగం పోకముందే, పోతుందన్న కబురుకే ఆరోగ్యం దిగజారడం 1995లో ప్రచురించారు. ఆ మాట మన 1983 వాళ్ళు లండన్ పోకుండానే చెప్పగలిగేవారు. ఎవరూ అడగలేదు.

మన దేశంలో పనిచేసే చోట గుండె జాగ్రత్త కార్యక్రమాలు పద్ధతి ప్రకారం జరిగినవి అంటే 2002 తరువాతి పరిశ్రమల కార్యక్రమం చెప్పుకోవాలి. దానికి ముఖ్యుడు డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి గారు, మన ఉస్మానియా మెడికల్ కాలేజీ విద్యార్థి, కేంద్రంలో కార్మిక శాఖ చూసిన కె.వి. రఘునాథరెడ్డి గారి కుమారుడు. పది ఊళ్ళ పరిశ్రమల్లో, అందులో హైదరాబాదు ఒకటి, కార్మికులను, వారి ఇళ్ళవారిని దాదాపు 20,000 మందిని పలకరించారు, సగం మందికి పరీక్షలు చేశారు. ఆ పైన కొన్నిచోట్ల కొన్నేళ్ళు తిండి, పొగాకు, నడక గురించి చెబుతూ, క్యాంటీన్ల మీద కూడా దృష్టి పెట్టి, మళ్ళీ కొలిచారు. 2009లో ఫలితాలు వచ్చాయి. కార్యక్రమం జరిగినచోట రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్, నడుం కొలత తగ్గాయి. జరగని చోట పెరిగాయి. మందుల కంపెనీ కాదు, క్యాంటీనూ గోడ మీద పోస్టరూ చేసిన పని అది. నిజంగా గొప్ప పని. అయితే ప్రచురించిన అంకెలన్నీ టేపుకు, సూదికి, బీపీ పట్టీకి అందేవే. మనసుకు గడి లేదు.

ఆర్టీసీ వారి సంగతి మనకు ఇంకా దగ్గర. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె జరిగింది. దాదాపు 48,000 మంది ఉద్యోగం ఉందో లేదో తెలియకుండా ఇళ్ళలో కూర్చున్నారు. ఆ రోజుల్లో కార్మికుల ఆత్మహత్యలు, గుండెపోటు మరణాలు పత్రికల్లో పక్కపక్కనే వచ్చాయి. ఏ డాక్టరూ చెప్పకముందే పేపరు పేజీ ఆ రెండింటినీ కలిపి చూపించింది. మూడేళ్ళ తరువాత, 2022లో, అదే సంస్థ గ్రాండ్ హెల్త్ చాలెంజ్ పేరుతో సిబ్బందికి డిపోల వారీగా రక్త పరీక్షలు, ఈసీజీలు తీయించింది. మోరిస్ బస్సుల కథకు 70 ఏళ్ళ తరువాత మన ఊళ్ళో వచ్చిన రెండో అధ్యాయం అనుకుంటాను. దాని వల్ల ముందుగా జబ్బు బయటపడి బతికినవారున్నారు. మంచిదే. కేంద్రం వారు కూడా 2021లో ఐదు నిమిషాలు చేసే యోగా ఒకటి ఉద్యోగుల కోసం తెచ్చారు. ఐదు నిమిషాలు యోగా చేసి లేచాక ఎదురుగా అదే మెమో ఉంటే ఏం చేయాలన్నది ఆసనాల పట్టికలో లేదు. ఇది నా చాదస్తం అనుకున్నా సరే.

డాక్టరమ్మ ప్రశ్నకు అసలు జవాబు మాత్రం రెండు చోట్ల దొరికింది. 1993లో కెనడాలోని మాంట్రియల్‌లో గుండెపోటు వచ్చి బతికిన 222 మందిని చూశారు. వారిలో దిగులు జబ్బు ఉన్నవారు ఆరు నెలల్లో చనిపోయే ప్రమాదం లేనివారికంటే మూడు నాలుగు రెట్లు. 2004లో, కేరళలో పుట్టి బెంగళూరులో వైద్యం చదివిన సలీం యూసుఫ్ గారి నాయకత్వంలో ఇంటర్‌హార్ట్ అనే పరిశోధన 52 దేశాల్లో జరిగింది, మన దేశమూ అందులో ఉంది. పనిలో ఎడతెగని ఒత్తిడి ఉందన్నవారిలో గుండెపోటు అవకాశం రెట్టింపు. పొగాకు, షుగరు, బీపీల వరసలోనే మనసు బాధను కూడా తొమ్మిది ముఖ్య కారణాల్లో ఒకటిగా రాశారు. దిగులుగా ఉన్నవాడికి నిద్ర ఉండదు, నిద్ర లేనివాడి రక్తపోటు రాత్రి దిగవలసినంత దిగదు, నడవబుద్ధి కాదు, మాత్ర వేసుకోబుద్ధి కాదు, సిగరెట్టు మానబుద్ధి కాదు. గుండె జారడం, గుండె చెరువవడం, గుండె రాయి చేసుకోవడం అని మనవాళ్ళు ఊరికే అనలేదు, అయితే ఆ మాటలు మనం ఎదుటివాడి గురించే వాడతాం.

సభ్యుల్లో బైపాస్ అయినవారు, స్టెంటు పడినవారు పదుల్లో ఉన్నారు. వారి ఇళ్ళవారికి ఒక మనవి. ఆయన మాత్రలు వేసుకున్నాడా అని అడిగినట్టే, ఎందుకు మాట్లాడడం లేదు, ఎందుకు పేపరు తెరవడం లేదు అని కూడా డాక్టరుకు చెప్పండి. వయసు వల్ల అని వదిలేయవద్దు. 2022 అక్టోబరు 10 నుంచి 14416 అనే టెలిమానస్ నంబరు ఉంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. నేను పోయిన నెల చేశాను. అవతల అబ్బాయి ఓపికగా పావుగంట విన్నాడు. 1991 సంగతి మొదటిసారి ఒక మనిషితో చెప్పాను.

కార్యవర్గానికి నా సూచన ఒక్కటే. వచ్చే శిబిరంలో ఆ చివరి బల్లను లైనుకు దూరంగా, ఈసీజీకి పెట్టినట్టే తెర కట్టి వేయండి. అందరి ఎదుట అడిగితే అందరూ నాలాగే బ్రహ్మాండం అంటారు. తెరకు గుడ్డ, రెండు కుర్చీలు నేను మా ఇంటి నుంచి తెస్తాను.